తమ్ముడి వీపు మీద వాతలు చూశాక మేము చేసిన పనులు

దొంగతనం అనుమానంతో మా తమ్ముడిని రెండు రాత్రులు ఠాణాలో ఉంచి కొట్టారు. అరెస్టు కాగితంలో మాత్రం రెండో రోజు తేదీ వేశారు. అందుకే మీవాళ్లను తీసుకెళ్లిన క్షణమే సమయం రాసుకోండి, మీరు చేసిన ఫోన్ల వివరాలు చెరపకండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తేవాలన్నది చట్టం.

చెప్పుకోవడానికి అన్నిటికన్నా మంచి చోటు ఆ మేజిస్ట్రేటు ముందే. మా తమ్ముడు వణుకుతూనే చొక్కా ఎత్తి వీపు చూపించాడు. లాఠీ వెడల్పున నల్లగా కమిలిన నాలుగు చారలు. దెబ్బలు రికార్డులో రాయమని, ప్రభుత్వ వైద్యుడితో పరీక్ష చేయించమని అక్కడే అడగాలి. ఆలస్యమైతే కమిలిన చోటు మానిపోతుంది, సాక్ష్యం పోతుంది. వైద్య నివేదిక నకలు పొందడం మీ హక్కు.

తర్వాత జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. ఠాణా కెమెరా దృశ్యాలు భద్రపరచమని అందులోనే కోరండి. ఠాణాల్లో కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపే రాయాలి. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఉచిత న్యాయ సహాయం అడగండి.

పోస్టు రసీదు పారేయకండి. మా అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.