దారి మధ్యలో జీను పక్కకు జారుతోందా?

సమస్య: బయల్దేరినప్పుడు జీను నిక్షేపంలా ఉంటుంది. మట్టి దారిలో కొంత దూరం పోయాక ఒక పక్కకు ఒరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జీను తిరిగి పొట్ట కిందికి వెళ్తే గుర్రం బెదిరి పరుగందుకుంటుంది. అప్పుడు మీ పాదం రికాబులో (పాదం పెట్టే కడియంలో) ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

దారిలోనే జారితే నడకకు తెచ్చి ఆపండి. రెండో పక్క రికాబును గట్టిగా తొక్కి సరిచేసుకుందామని చూడొద్దు. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేసి దిగండి. జీనును పట్టి ఉంచే పొట్ట పట్టీ వదులు చేసి, జీను కాస్త ముందుకు పెట్టి, వెంట్రుకలు పడుకున్న దిక్కుగా వెనక్కి జరిపి బిగించండి. ఇక గుర్రాన్ని నడిపించుకుంటూ వెనక్కి రండి. ఫోన్ ఎప్పుడూ మీ జేబులోనే ఉండాలి. జీను సంచిలో పెడితే గుర్రంతో పాటు అదీ పోతుంది.

కారణం: ముందు పొట్ట పట్టీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది ఇదే! బిగించేటప్పుడు చాలా గుర్రాలు ఒళ్లు బిగబడతాయి. కాస్త నడిచాక వదులవుతాయి, జీను కింది మెత్త కూడా అణుగుతుంది. ఎక్కే ముందు, ఎక్కాక, మళ్లీ పది నిమిషాలు నడిచాక పట్టీ చూసి తీరాలి.

పట్టీ బాగానే ఉన్నా జీను ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే, నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన కారణం చూడాలి: వెనక కాలి నొప్పి. ఇది తట్టక జనం కొత్త మెత్త కొంటారు, జారని రబ్బరు ప్యాడ్ వేస్తారు, పట్టీ ఇంకా బిగిస్తారు. నొప్పి ఉన్న గుర్రం నడుమును రెండు పక్కలా ఒకేలా కదపదు. దాంతో జీను అడుగడుగుకీ కొంచెం కొంచెం జరుగుతుంది, ఎక్కువగా నొప్పి ఉన్న కాలి వైపే. కుంటడం పైకి కనబడకపోవచ్చు. బ్రిటన్‌లో జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, కాలికి మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండా చేస్తే దాదాపు అన్ని గుర్రాల్లోనూ జీను జారడం ఆగిపోయింది.

ఇంటి దగ్గరే పరీక్షించండి. ఒకరు ఎక్కి ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ మధ్య వేగంలో) రెండు వైపులా గుండ్రంగా తిప్పాలి, ఇంకొకరు వెనక నుంచి చూడాలి. జీను వెనక అంచు మధ్యభాగం వెన్నెముక మీదే ఉందా, పక్కకు పోయిందా? ఒక వైపు తిరిగేటప్పుడే ఎక్కువ జారుతోందా? దిగాక జీను తీసి, ఒక పక్కనే వెంట్రుకలు నలిగి రేగాయేమో తడిమి చూడండి. తర్వాత రైడర్‌ను మార్చండి. కొత్త రైడర్‌తోనూ అదే పక్కకు జారితే సవారీ ఆపి పశువైద్యుణ్ని పిలవండి.

జారడం రైడర్‌తోనే మారిపోతే రికాబు తోలుపట్టీలు విప్పి, పక్కపక్కన పెట్టి కొలవండి. రోజూ ఎడమ వైపు నుంచే ఎక్కితే ఆ పట్టీ సాగిపోతుంది. రెండింటినీ అప్పుడప్పుడూ అటుది ఇటూ ఇటుది అటూ మారుస్తూ, పీట మీద నుంచి ఎక్కండి.

జీను లోపలి చట్రం విరగడం లాంటివి అరుదు, వాటితో మొదలెట్టకండి. కాలి వైద్యం పూర్తయ్యాక మాత్రం జీను మళ్లీ సరిచూపించుకోవాలి. నొప్పి పోయాక వీపు కండ మారుతుంది, పాత కొలత కుదరకపోవచ్చు.