చేత్తో గీసే గేమ్ యానిమేషన్: మొదటి బొమ్మకు ముందు

గుండె మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే జానపద నృత్యం తప్పెటగుళ్లు. అది ఆడేవాణ్ణి హీరోగా పెట్టి విజయనగరంలో మా మేడ మీద గదిలో చిన్న గేమ్ మొదలుపెట్టాను. మీరు మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

☐ బొమ్మల లెక్క. సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు గీయాలి. పది కదలికలు, ఒక్కోటి ఒక సెకను అనుకుంటే 120. పెన్సిలు, ఇంకు, రంగు వేరువేరుగా చేస్తే పని మూడింతలు.

☐ గెంతే ముందు మోకాళ్లు వంచడం సినిమాలో అందమే. గేమ్‌లో మాత్రం బటన్ నొక్కాక నాలుగు బొమ్మలు గడిస్తే సెకనులో మూడో వంతు ఆలస్యం. ఆడేవాళ్లకు చిరాకు. నేను రంగులన్నీ వేసేశాక ఈ సంగతి తెలిసి సగం బొమ్మలు పక్కన పడేశాను. అందుకే పెన్సిలు గీతల్నే ముందు గేమ్‌లో పెట్టి ఆడి చూడండి. ఇదొక్కటి చేసినా చాలా టెన్షన్ తప్పుతుంది.

☐ కుడివైపు చూసేలా గీసి, అద్దంలోలా ఎడమకి తిప్పేస్తే సగం శ్రమ తప్పుతుంది. తప్పెట గుండె మీదే ఉంటుంది కాబట్టి మావాడికి ఇబ్బంది లేదు. ఒక్క చేతికే కడియం పెట్టారో, తిప్పినప్పుడల్లా చెయ్యి మారుతుంది!

☐ 512×512 పిక్సెళ్ల బొమ్మ కంప్రెస్ చేయకపోతే మెమరీలో 1 ఎంబీ. పాత ఫోన్లనూ గుర్తుపెట్టుకోండి.

☐ అన్ని కాగితాల మీదా పాదాలు ఆనే నేల గీత ఒకే చోట ఉండాలి. వానాకాలం చెమ్మకి కాగితం వంగుతుంది, స్కానింగ్ ఆలస్యం చేయకండి.

☐ కరెంటు పోయేలోపు సేవ్ చేయండి. రెండో కాపీ వేరే డిస్కులో.