బొద్దుగా ఉన్న బిడ్డ వంగింది, సన్నగా ఉన్న కొడుకు వంగలేదు: ఇంట్లో టేపుతో ఇలా చూసుకోండి

దసరా సెలవుల్లో హన్మకొండలోని మా ఇంటి హాల్లో పిల్లలిద్దర్నీ కాళ్లు చాపి కూర్చోబెట్టి, కుట్టుమిషన్ టేపుతో ఎవరెంత వంగుతారో కొలిచాను. బిడ్డకు 11 ఏళ్లు, బొద్దుగా ఉంటుంది. కొడుకుకు 14, ఏడాదిలో తాటిచెట్టులా సాగాడు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మంచం మీద కూర్చున్న మా అమ్మ "గింత లావున్నది, గిదేం వంగుతది" అంది. ఆ పిల్ల వేళ్లు అరికాళ్లు దాటి 2 అంగుళాలు ముందుకు పోయాయి. వాడివి పిక్కల దగ్గరే ఆగిపోయాయి, "డాడీ, తొడల వెనక పట్టేస్తుంది" అని ఒకటే గోల.

బరువు వేరు, వంగడం వేరు. పొట్ట బాగా పెద్దదైతే అడ్డం వస్తుంది నిజమే, కానీ బరువు చూసి ఎవరు బిర్రుగా ఉన్నారో చెప్పలేం. మామూలుగా ఆడపిల్లలు మగపిల్లల కంటే ఎక్కువ వంగుతారు. పైగా ఒక్కసారిగా పొడవు పెరిగే వయసులో ముందు కాళ్ల ఎముకలు సాగుతాయి, కండరాలు వాటిని అందుకోవడానికి కొంత టైమ్ పడుతుందంటారు. కాళ్లు పొడుగై చేతులు, నడుము ఇంకా పెరగని పిల్లాడికి ఈ టెస్టులో ఎలాగూ తక్కువే వస్తుంది, దానికి వాణ్ని తిట్టి లాభం లేదు.

కొలిచే ముందు 5 నిమిషాలు నడిపించండి లేదా ఎగరమనండి. టేపును నేల మీద పరిచి, సున్నా తొడల వైపు ఉండేలా, 15 అంగుళాల గీత దగ్గర మడమలు పెట్టించండి, రెండు మడమల మధ్య ఓ అడుగు ఎడం ఉండాలి. మోకాళ్లు లేవకూడదు. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి పెట్టి, ఊపిరి వదులుతూ మెల్లగా ముందుకు జరిగి, 2 సెకన్లు ఆగాలి. మూడుసార్లు చేయించి ఎక్కువ వచ్చింది రాసుకోండి. వేళ్లు సరిగ్గా అరికాళ్ల వరకు వస్తే 15, దాటితే అంతకంటే ఎక్కువ. మా వాడిది 10. పొద్దున లేవగానే ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, అందుకే ప్రతిసారీ సాయంత్రం ఒకే టైముకు చూడండి. నెలకొకసారి చాలు. అన్నకూ చెల్లెకూ పోటీ పెట్టొద్దు, ఎవరి లెక్క వాళ్లదే.

బరువు లెక్క వేరే కాగితం మీద. కిలోలను మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మా బిడ్డ 46 కిలోలు, 142 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ దాదాపు 22.8. పెద్దవాళ్లకు బరువు ఎక్కువని చెప్పే 23 గీత కిందే ఉంది కదా అని నేను హాయిగా ఉన్నాను, కానీ పిల్లలకు ఆ గీత పనికిరాదు, వయసును బట్టి, ఆడా మగా బట్టి ఉండే చార్టులో చూడాలి. ఆ చార్టు ప్రకారం 11 ఏళ్ల పిల్లకు ఇది ఎక్కువే. అలాగని పస్తులు పెట్టలేదు. పెరిగే పిల్ల, బరువు ఇక్కడే ఆగి ఎత్తు పెరిగితే లెక్క అదే దిగుతుంది. సాయంత్రం బేకరీ పఫ్, కూల్‌డ్రింక్ మానేశాం, సర్వపిండి మాత్రం మానలేదు.

స్ట్రెచింగ్‌లో నేను చేసిన తప్పు చెప్తా. వాడి వీపు మీద చెయ్యి పెట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని నొక్కాను, రెండు రోజులు కుంటుతూ నడిచాడు. నొక్కొద్దు, ఊగొద్దు. ఒళ్లు వేడెక్కాక ఒక కాలు చాపి, ఇంకోటి మడిచి, వీపు గూని కాకుండా తుంటి దగ్గర నుంచి వంగమనండి. లాగినట్టుండాలి, నొప్పి రాకూడదు. 20, 30 సెకన్లు ఆగి, కాలు మార్చి, ఒక్కో కాలికి మూడుసార్లు. వారానికి మూడు రోజులైనా చేయాలి. పిక్కలకైతే గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మడమ నేలకు ఆనేలా నిలబడితే సరిపోతుంది.

అసలు మంచి మందు ఆటే. ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా బిడ్డ వంగి చప్పట్లు కొడుతూ గంట తిరిగింది, ఒక్కసారీ అలసిపోయానని అనలేదు. పండుగ అయిపోయాక తొక్కుడుబిళ్ల, ఖోఖో. వాణ్ని పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడకకు లాక్కెళ్తున్నా, ఫోన్ ఇంట్లో పెట్టించి. అన్నం కూడా టేబుల్ మీద కాదు, కింద బాసింపట్టు వేసుకుని తింటున్నాం, నాకే ముందు కాళ్లు పట్టాయి.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. బరువు ఎక్కువున్న పిల్లలు పదేళ్లు దాటాక కుంటుతూ, తొడ దగ్గరో మోకాలి దగ్గరో నొప్పి అంటే, స్ట్రెచింగ్ ఆపి, వెంటనే ఎముకల డాక్టర్‌కు చూపించాలి. తుంటి దగ్గర పెరిగే ఎముక జారినా నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది, మోకాలు ఒక్కటే ఎక్స్‌రే తీస్తే దొరకదు.

నెల తర్వాత మళ్లీ టేపు పరిచాను. బిడ్డది 17 దగ్గరే ఉంది. వాడిది పదకొండున్నర. బీరువా తలుపు వెనక వాడే రాసుకున్నాడు, 12 అని.