క్లయింటు గుర్తింపు తనిఖీ – 3వ పాఠం: మనిషి, పాస్‌పోర్టు, చిరునామా

లాయర్ చేసే ఏ పనులకు గుర్తింపు తనిఖీ తప్పదో కిందటి పాఠంలో చూశాం. స్థిరాస్తి కొనడం, అమ్మడం. క్లయింటు డబ్బు, షేర్లు, బ్యాంకు ఖాతాలు నిర్వహించడం. కంపెనీకి పెట్టుబడి సమకూర్చడం. కంపెనీలు, ట్రస్టులు ఏర్పాటు చేయడం, నడపడం. వ్యాపారాలు కొనడం, అమ్మడం. నల్లధనాన్ని తెల్లగా మార్చడాన్ని అరికట్టే ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ 22వ సిఫారసులో లాయర్లకు సంబంధించిన జాబితా ఇదే. మీ దేశపు చట్టం ఇంతకన్నా కఠినంగా ఉంటే చట్టం చెప్పినట్టే చేయాలి.

ఈ పాఠంలో క్లయింటు ఒక వ్యక్తి అనుకుందాం. కంపెనీల సంగతి వచ్చే పాఠంలో.

ముందు ఫారం, తర్వాతే పాస్‌పోర్టు

ఇక్కడ రెండు పనులున్నాయి. క్లయింటు తాను ఎవరినని చెబుతున్నాడో తెలుసుకోవడం ఒకటి. అది నిజమేనా అని అతని మాట మీద ఆధారపడని సాక్ష్యంతో సరిచూడటం రెండోది. చాలా ఆఫీసుల్లో ఈ రెండూ కలిసిపోతాయి. గుమాస్తా పాస్‌పోర్టు తీసుకుని, అందులోని వివరాలన్నీ తానే ఫారంలోకి ఎక్కించి, జిరాక్సు వెనక పెట్టి ఫైలు మూసేస్తాడు. ఫారంలో ఉన్నదీ పాస్‌పోర్టులో ఉన్నదీ అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి, ఎందుకంటే ఒకదాన్ని చూసి రెండోది రాశారు. అక్కడ తనిఖీ జరగనే లేదు.

కాబట్టి ఫారం క్లయింటే నింపాలి, అదీ కాగితాలు మీ చేతికి రాకముందే. పూర్తి పేరు, గతంలో వాడిన పేర్లు, పుట్టిన తేదీ, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా, జాతీయత, వృత్తి, మీతో ఏం పని, ఆ పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. వేరేవాళ్ల తరఫున వచ్చాడా అని కూడా అడగండి. వచ్చి ఉంటే ఇద్దరి గుర్తింపూ చూడాలి, పవర్ ఆఫ్ అటార్నీ లాంటి అధికార పత్రం విడిగా చూడాలి.

పాస్‌పోర్టు కింద ఉన్న రెండు వరుసలు

ఫొటో పేజీ అడుగున ఒక్కో వరుసలో 44 అక్షరాల చొప్పున రెండు వరుసలుంటాయి. యంత్రం చదవడానికి అచ్చువేసినవే అయినా కాగితం, కలం ఉంటే మీరూ చదవచ్చు. ఏ దేశపు పాస్‌పోర్టయినా ఈ అమరిక ఒకటే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 పత్రం దీన్ని నిర్దేశిస్తుంది.

రెండో వరుసలో 1 నుంచి 9 స్థానాల్లో పాస్‌పోర్టు నంబరు, 10లో దాని తనిఖీ అంకె. 11 నుంచి 13 జాతీయత. 14 నుంచి 19 పుట్టిన తేదీ, సంవత్సరం–నెల–రోజు వరుసలో. 20లో దాని తనిఖీ అంకె. 21 లింగం. 22 నుంచి 27 గడువు తేదీ, 28లో దాని తనిఖీ అంకె. చివరిదైన 44వ స్థానంలో జాతీయత, లింగం తప్ప వీటన్నిటికీ కలిపి మరో తనిఖీ అంకె.

లెక్క ఇలా వేస్తారు. ఒక్కో అంకెను వరుసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి అన్నీ కూడాలి. మొత్తాన్ని 10తో భాగిస్తే మిగిలే శేషమే తనిఖీ అంకె. నంబరులో అక్షరాలుంటే ఏకి 10, బీకి 11, అలా జెడ్‌కు 35. ఖాళీని నింపే కోణపు గుర్తుకు 0.

పుట్టిన తేదీ 1985 మార్చి 17 అనుకోండి. అచ్చులో 850317 అని ఉంటుంది.

8 × 7 = 56
5 × 3 = 15
0 × 1 = 0
3 × 7 = 21
1 × 3 = 3
7 × 1 = 7

మొత్తం 102, శేషం 2. కాబట్టి 20వ స్థానంలో 2 ఉండాలి. ఎవరైనా 85ను 86గా దిద్దితే మొత్తం 105 అవుతుంది, తనిఖీ అంకె 5 కావాలి. దిద్దినవాడు పక్కనున్న 2ను ముట్టుకోకపోతే అక్కడే పట్టుబడతాడు.

దీని హద్దులు కూడా తెలిసుండాలి. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే సాధారణంగా దొరుకుతుంది, కానీ ఆ రెండింటి తేడా సరిగ్గా 5 అయితే (2, 7 లాంటివి) దొరకదు. ఈ సూత్రం అందరికీ తెలిసిందే కనుక ఓపికున్న మోసగాడు లెక్క కుదిరేలా తయారుచేయగలడు. లెక్క తప్పితే కాగితంలో ఏదో తేడా ఉందన్నమాట. లెక్క కుదిరినంత మాత్రాన కాగితం అసలుదని కాదు.

మొదటి వరుసలో పేరుకు 39 స్థానాలే ఉన్నాయి. పొడవైన పేరు మధ్యలో తెగిపోతే అది ఫోర్జరీ కాదు. పైన అచ్చయిన పూర్తి పేరు చూసుకుని, ఆ సంగతి నోట్‌లో రాసి ముందుకు వెళ్లండి.

క్లయింటు ఎదురుగా లేనప్పుడు

స్కాన్ కాపీ మెయిల్‌లో వస్తే దాంతో సరిపెట్టుకోవద్దు. పాస్‌పోర్టుకు చిప్ ఉంటే, దాన్ని చదవగల ఫోన్ యాప్ అన్నిటికన్నా బలమైన సాధనం. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ ఇస్తే చిప్ తెరుచుకుంటుంది. లోపలి సమాచారంపై జారీచేసిన దేశం డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని యాప్ నిజంగా సరిచూస్తోందో లేదో అమ్మేవాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చిప్‌లోని ఫొటోతో క్లయింటు ముఖాన్ని అప్పటికప్పుడు పోల్చాలి. దొంగిలించిన అసలు పాస్‌పోర్టుతో వచ్చేవాణ్ని పట్టుకునేది ఈ పోలికే.

యాప్ లేకపోతే వీడియో కాల్‌లో పాస్‌పోర్టును వెలుతురులో అటూ ఇటూ వంచి చూపమనండి. హోలోగ్రాం కదలికతోపాటు మారాలి. లేదా మీకు స్వతంత్రంగా తెలిసిన నోటరీతో ధ్రువీకరించిన కాపీ తెప్పించండి. నోటరీ ఫోన్ నంబరు కాపీ మీదున్నది వాడొద్దు, అధికారిక రిజిస్టరులో వెతికి పట్టుకోండి.

చిరునామా రుజువు

గత మూడు నెలల్లోపు బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు లాంటివి అడగడం వాడుక. పీడీఎఫ్ దిద్దడం సులువు కాబట్టి నిశితంగా చూడాల్సింది ఇక్కడే. స్టేట్‌మెంటులో ప్రారంభ నిల్వకు జమలు కలిపి ఖర్చులు తీసేస్తే ముగింపు నిల్వ రావాలి. ఒక్క జమను పెద్దది చేసినవాడు కింది వరుసల నిల్వలన్నీ మార్చడం మరిచిపోతుంటాడు. చిరునామా వరుసలో మాత్రమే అక్షరాల మధ్య ఎడం తేడాగా ఉంటే అసలు కాగితం తెమ్మనండి.

జాబితాల్లో పేరు వెతకడం

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షల జాబితా, మీ దేశపు జాబితా రెండింట్లోనూ వెతకాలి. ఒకే అరబ్బీ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు కాబట్టి అచ్చంగా అదే స్పెల్లింగుతో వెతికితే పేరు తప్పిపోతుంది. దగ్గరి పేర్లు కూడా చూపే పద్ధతి వాడండి. పేరు కలిస్తే కంగారుపడకండి: పుట్టిన తేదీ, జాతీయత పోల్చి, ఎందుకు ఇతను కాదో ఒక వాక్యంలో రాయండి. కారణం రాయకుండా కొట్టేసిన పేరు ఆడిటరు మొదట అడిగే ప్రశ్న అవుతుంది.

క్లయింటు విదేశంలో ముఖ్యమైన ప్రభుత్వ పదవిలో ఉన్నా, ఒకప్పుడు ఉన్నా, అలాంటివారి కుటుంబీకుడైనా, సన్నిహితుడైనా పని ఒప్పుకునే ముందు సీనియర్ భాగస్వామి అనుమతి కావాలి. ఈ లావాదేవీకి డబ్బు ఎక్కడిదన్నది చాలదు, మొత్తం ఆస్తి ఎలా కూడిందో కూడా చూడాలి.

నోట్ ఎలా రాయాలి

«అసలు పాస్‌పోర్టు నా ఎదుట చూశాను. ఫొటో మనిషితో సరిపోయింది. గడువు 2031 నవంబరు 29, తనిఖీ అంకె 7, లెక్క కుదిరింది. ఫారంలో ఇంటిపేరు చివర రాశారు, పాస్‌పోర్టులో ముందు ఉంది. అడిగాను, ఒకటే పేరు. డబ్బు తన ఖాతా నుంచే వస్తుందన్నారు, స్టేట్‌మెంటు తీసుకున్నాను.» కింద పేరు, తేదీ, సంతకం. ‘కేవైసీ పూర్తయింది’ అన్న ముద్ర కన్నా ఈ అయిదారు వాక్యాలు ఎంతో విలువైనవి. క్లయింటుతో సంబంధం ముగిశాక కనీసం అయిదేళ్లు వీటిని దాచాలి.

తనిఖీ పూర్తికాకపోతే

క్లయింట్ల డబ్బు ఉంచడానికి ఫర్మ్ నడిపే ఖాతాలోకి అతని డబ్బు రానివ్వకండి. ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. తనిఖీ ముగియకముందే పెద్ద మొత్తం పంపి, నాలుగు రోజులకు బేరం రద్దయిందని, డబ్బు మూడో మనిషి ఖాతాకు తిప్పమని అడగడం పాత ఎత్తు. అలా తిప్పితే ఆ డబ్బు లా ఫర్మ్ నుంచి వచ్చిన శుభ్రమైన డబ్బులా కనిపిస్తుంది. అలాంటి మొత్తాన్ని మీ అంతట మీరు తిప్పొద్దు. ముందు ఫర్మ్‌లో ఈ బాధ్యత చూసే అధికారికి చెప్పండి. వృత్తి రహస్యం ఎక్కడి వరకు వర్తిస్తుందో, అనుమానాస్పద లావాదేవీగా నివేదించాలో నిర్ణయించేది ఆయనే. నివేదిక పంపిన సంగతి క్లయింటుకు తెలియనివ్వకూడదు. ఇంకా ప్రశ్నలడిగితే అతనికి అనుమానం వస్తుందనిపిస్తే, తనిఖీని అక్కడే ఆపి నివేదించడానికి టాస్క్ ఫోర్స్ ప్రమాణాలు వీలిస్తాయి.

అభ్యాసం

పాస్‌పోర్టు రెండో వరుసలో పుట్టిన తేదీ 790225, దాని తనిఖీ అంకె 1. గడువు తేదీ 290614, దాని తనిఖీ అంకె 6. స్టేట్‌మెంటులో ప్రారంభ నిల్వ 4,250, జమలు 3,100, ఖర్చులు 2,875, ముగింపు నిల్వ 4,575. ఇందులో ఏవి కుదరలేదో కనిపెట్టి, క్లయింటును ఏమడుగుతారో మూడు వాక్యాల్లో ఫైలు నోట్‌గా రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో ఉంటుంది.