మెయిల్‌లో ఉన్న 4:10 ఏ గడియారానిది?

దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన నాకు ఫోన్ చేసేటప్పటికే దొంగ ఎవరో తేల్చేసుకున్నారు. ఆయన దుకాణం మెయిల్ నుంచి ముంబైలోని కొనుగోలుదారుకి ఒక ఉత్తరం వెళ్లింది. మా బ్యాంకు ఖాతా మారింది, బాకీ ఈ కొత్త ఖాతాకు వేయండి అని, ఇన్వాయిస్ పీడీఎఫ్‌తో సహా. వాళ్లు వేసేశారు. మెయిల్ వివరాల్లో టైం 04:10 అని ఉంది. "తెల్లవారుజామున నాలుగింటికి దుకాణంలో పడుకునే కుర్రాడు తప్ప ఇంకెవరుంటారు మేడమ్?" అన్నారు. అప్పటికే ఆ కుర్రాణ్ణి పనిలోంచి తీసేశారు.

నేను గుంటూరులో ఉంటాను. చిన్న వ్యాపారాల లెక్కల్లో జరిగే మోసాలు వెతకడం నా పని. ఇలాంటిది మీకు ఎదురైతే ఏది ముందు, ఏది వెనక చేయాలో ఆ కేసు పట్టుకునే చెబుతాను.

డబ్బు సంగతి ముందు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) చెప్పి ఫిర్యాదు రాయించండి. బ్యాంకుకి కూడా చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. దర్యాప్తు ఆ తర్వాత.

ఇక కంప్యూటర్. టెన్షన్‌లో అందరూ చేసే తప్పు, "ఒకసారి చూద్దాం" అని ఫైళ్లు తెరవడం. తెరిచిన కొద్దీ పాత గుర్తుల మీద కొత్తవి పడతాయి. ఆపేసి ఉంటే ఆన్ చేయకండి. ఆన్‌లో ఉంటే తెరను ఫొటో తీయండి. ఆ ఫొటోలో కంప్యూటర్ గడియారం, పక్కనే ఇంకో ఫోన్ గడియారం రెండూ కనపడాలి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సాక్ష్యం అయిపోదు. హార్డ్‌డిస్క్‌ను రైట్ బ్లాకర్ అనే పరికరం ద్వారా కలిపి, మొత్తం డిస్కుకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు పూర్తి నకలు, తీయాలి. రైట్ బ్లాకర్ ఉంటే అసలు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయబడదు. ఇమేజ్ తీయడానికి ఎఫ్‌టీకే ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అయితే అలవాటు లేనివాళ్లు ప్రయోగాలు చేయకుండా నిపుణుడికి అప్పగించండి. ఇమేజ్ పూర్తయ్యాక దాని హాష్ విలువ రాసుకోవాలి. అది ఆ నకలుకి వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే అది 64 అక్షరాలు ఉంటుంది. లోపల ఒక్క కామా మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. రెండు కాపీలు తీసి ఒకటి సీలు వేయండి. డిస్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎన్ని గంటలకు వెళ్లిందో కాగితం మీద రాసి సంతకాలు చేయించండి.

సీసీ కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె, డీవీఆర్‌ను మర్చిపోతే ఆ వీడియో ఇంక దొరకదు. డిస్కు నిండగానే అది పాత రికార్డింగ్ మీద కొత్తది రాసేస్తుంది. కాబట్టి మొదటి రోజే కాపీ తీయండి. మేము వెళ్లేసరికి ఆ రోజు వీడియో చెరిగిపోవడానికి ఇంకా రెండు రోజులే మిగిలి ఉంది.

ఇప్పుడు మెయిల్. మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే దాగి ఉన్న వివరాలను హెడర్ అంటారు. స్క్రీన్‌షాట్‌లో హెడర్ ఉండదు, ఫార్వర్డ్ చేస్తే పాత హెడర్ పోతుంది. అందుకని అందుకున్న వాళ్ల దగ్గరి నుంచి అసలు మెయిల్‌నే ఫైల్‌గా సేవ్ చేయించి తెప్పించాలి. హెడర్‌లో 'రిసీవ్డ్' అనే వరసలు కింది నుంచి పైకి చదవాలి, మెయిల్ ప్రయాణం అడుగున మొదలవుతుంది. పంపిన చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉందా, జవాబు వెళ్లే చిరునామా వేరేదా అన్నదీ చూడాలి. మాకు రిసీవ్డ్ వరసలతో సహా అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అంటే మెయిల్ నిజంగా దుకాణం ఖాతా నుంచే వెళ్లింది.

తర్వాత ఆ 04:10. దాని పక్కనే +0000 అని ఉంది. అంటే అది మన టైం కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే ప్రామాణిక టైం. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఉదయం 9:40! కొన్ని మెయిళ్లలో -0700 ఉంటుంది, వాటికి పన్నెండున్నర గంటలు కలపాలి. ఈ చిన్న లెక్క వేయనందుకు ఒక పిల్లవాడి కూడు పోయింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇక్కడి నుంచి పనంతా గడియారాలను ఒక వరసలో పెట్టడమే. నేను ఒక పెద్ద కాగితం మీద గీతలు కొట్టి, ప్రతి సంఘటనకీ యంత్రంలో ఉన్న టైం, మన అసలు టైం పక్కపక్కన రాస్తాను. కంప్యూటర్ గడియారం సరిగ్గానే ఉందని మొదటి ఫొటో చెప్పింది. ఎవరైనా గడియారాన్ని వెనక్కి తిప్పారేమోనని విండోస్ తనంతట తాను రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో, టైం మారినప్పుడు పడే 4616 నంబరు ఎంట్రీలు వెతికాను, తిప్పలేదు. 9:36కి అంతకు ముందెన్నడూ పెట్టని పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టారు. ఆ పెన్‌డ్రైవ్ సీరియల్ నంబరుతో సహా లాగ్‌లో ఉంది. డీవీఆర్ గడియారం మాత్రం 17 నిమిషాలు వెనక ఉంది. అంటే 9:40 కోసం వీడియోలో 9:23 దగ్గర చూడాలి. డీవీఆర్ తేడా ఆ రోజూ అంతేనా అన్న అనుమానం తీరడానికి, అదే వీడియోలో బయటికెళ్లిన లారీ కాటా చీటీ మీద అచ్చయిన టైంతో సరిచూశాను.

వీడియోలో కుర్రాడు బయట లారీకి బస్తాలు ఎత్తుతున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నది లెక్కలు రాసే ఆయన.

రిపోర్ట్ రాసేటప్పుడు ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. ఆ దుకాణంలో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీకి, మెయిల్‌కి అందరూ ఒకే లాగిన్ వాడతారు. లాగ్ చూసి ఆ చెయ్యి ఎవరిదో చెప్పలేం. కెమెరాకి మనిషి కనిపిస్తాడు కానీ తెర కనిపించదు. అందుకే "ఆ సమయంలో ఆయన కూర్చుని ఉన్నారు" అని రాశాను, "ఆయన పంపారు" అని రాయలేదు. పెన్‌డ్రైవ్ ఎవరిదో, డబ్బు చేరిన ఖాతా ఎవరిదో తేల్చడం పోలీసుల పని, ఆ అధికారం వాళ్లకే ఉంది.

2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. కాపీని కోర్టు చూడాలంటే అందులోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. మొదటి భాగం మీద యంత్రం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం పెడతారు. హాష్ విలువ రాయాల్సింది అందులోనే.

ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన సాయంత్రమే వ్యాపారి కుర్రాడి ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. వాళ్లమ్మ ముందు గంటల లెక్క కాగితం పరిచి, 04:10 దగ్గర వేలు పెట్టి, అది ఉదయం 9:40 ఎలా అయిందో నేనే చెప్పాను.