20వ అంతస్తులో తలుపు ఈల ఎలా ఆపాను

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ 20వ అంతస్తు, బాల్కనీ పడమటి వైపు. జూన్‌లో నైరుతి గాలి మొదలైతే చాలు, మెయిన్ డోర్ కింద ఈల. కాస్త తెరిచి వదిలితే ధడేల్మని పడేది. పిల్లల వేళ్లు ఎక్కడ నలుగుతాయోనని టెన్షన్.

తలుపు వంకర అన్నాడు కార్పెంటర్. మరి గాలి లేని రోజు అదే తలుపు బుద్ధిగా ఉండేదే! అసలు సంగతి ఒత్తిడి. గాలి కొట్టే వైపు గోడ మీద అది పెరుగుతుంది, వెనక వైపు తగ్గుతుంది. మధ్యలో ఇల్లే దారి. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరును దాదాపు 60 న్యూటన్లతో నెడుతుంది. 2 చదరపు మీటర్ల తలుపుకైతే సుమారు 12 కిలోల బరువు ఆనినట్టు. వేగం రెట్టింపైతే ఇది నాలుగింతలు.

అందుకే ముందు బాల్కనీ వైపు చూశాను. అగరుబత్తి అంచుల వెంట తిప్పితే, స్లైడింగ్ డోర్ పలకలు కలిసే చోట పొగ లోపలికి దూసుకొచ్చింది. అక్కడి ఊలు పట్టీ అరిగిపోయింది, కొత్తది వేయించాను. మెయిన్ డోర్ కింద రబ్బరు సీల్, పైన డోర్ క్లోజర్ పెట్టించి, స్క్రూ తిప్పి మూతపడే వేగం తగ్గించాను. స్లైడింగ్ ట్రాక్‌లోని చిన్న రంధ్రాలు మాత్రం మూయకండి, వాననీళ్లు పోయేది వాటిలోంచే.

ఈల పోయింది. లిఫ్ట్ లాబీ కిటికీ తెరిచిన రోజు కాస్త గొణుగుతుంది. దాని గురించి అసోసియేషన్‌తో వాదన ఇంకా నడుస్తోంది.