కొత్త కారా, పాత కారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు

ముందు కాగితం మీద లెక్క వేసుకోండి: రోజూ ఎంత దూరం తిరుగుతారు, ఎన్నేళ్లు ఉంచుకుంటారు? మూడేళ్లకే బండి మార్చే అలవాటుంటే కొత్తది నష్టమే. విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి ఏళ్లలోనే. పదేళ్లు వాడేవాళ్లకు ఆ దెబ్బ అంతగా తెలియదు.

కొత్తదైతే షోరూం ధర దగ్గరే ఆగకండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లోన్ వడ్డీ కలిపాక వచ్చేదే అసలు ధర. డెలివరీ రోజు మీటర్ రీడింగ్, తయారైన నెల చూసుకోండి.

పాతదైతే పని ఎక్కువ.

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, స్టార్టింగ్ ఇబ్బంది దాచడానికి ముందే వేడి చేశారేమోనని నాకైతే అనుమానమే.
- సీట్ బెల్టును చివరిదాకా లాగండి. అడుగున బురద మరక ఉంటే వరదనీళ్లలో మునిగిన బండి కావచ్చు. పైపైన కడిగేవాళ్లు అక్కడిదాకా రారు.
- మీటర్ తక్కువ చూపిస్తున్నా బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్‌ను నమ్మకండి.
- టైరు పక్కన తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం.
- బండి మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరును కాగితాలతో ఒక్కో అక్షరం పోల్చండి. పాత లోన్ తీరిందా అడగండి.
- మీకు తెలిసిన మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్స్ వద్దు. "ఇంకొకరు వస్తున్నారండీ, ఇప్పుడే తేల్చండి" అని తొందరపెడితే ఆ వచ్చేవాళ్లకే వదిలేయండి.